గోడ చల్లారిన రోజు

బట్టీ మండుతుండగా తగువు పెట్టకూడదు. మా ఫ్యాక్టరీలో ఎక్కడా రాసిపెట్టని రూలు ఇదొక్కటే, అందరూ పాటించే రూలు కూడా ఇదొక్కటే. రాసిపెట్టినవి గేటు పక్కన బోలెడున్నాయి. పొగ తాగరాదు అన్న బోర్డుకు ఆనుకునే మావాళ్ళు సిగరెట్లు కాల్చుకుంటారు.

మాది పింగాణీ కప్పులూ సాసర్లూ చేసే చోటు. సొరంగంలాంటి బట్టీ ఒకటుంది. ఒకవైపు నుంచి పచ్చి కప్పుల ట్రాలీ లోపలికి వెళ్తే మూడో రోజుకు రెండోవైపు నుంచి కాలిన కప్పులతో బయటికొస్తుంది. చలికాలం మొదట్లో వెలిగిస్తే ఎండలు ముదిరేదాకా ఆర్పరు. నేను చేరిన కొత్తలో మంట చూసేవాళ్ళిద్దరు డ్యూటీ విషయంలో కలబడ్డారు. వాళ్ళు కొట్టుకుంటున్నంతసేపూ మంటను చూసేవాడు లేడు. లోపలున్న సరుకంతా ఒకదానికొకటి అతుక్కుని ముద్దలై బయటికొచ్చింది. నలభై మందిని ఇళ్ళకు పంపేశారు.

అప్పటినుంచీ ఈ కట్టుబాటు. ఎవరికి ఎవరి మీద ఏ కోపమున్నా బట్టీ చల్లారేదాకా కడుపులో దాచుకోవాలి. మంట ఆర్పాక ఆరేడు రోజులకు పెద్దమేస్త్రీ వచ్చి బట్టీ గోడ మీద అరచెయ్యి ఆనించి, "చల్లారింది" అంటాడు. ఆ మాట ఇంకెవరూ అనకూడదు. అప్పుడు పెరట్లో అందరం కూర్చుంటాం, మేనేజరు కుర్చీ వేయించుకుంటాడు, ఏడాది పంచాయితీలన్నీ ఆ పూట తేలిపోతాయి. దాన్ని చల్లార్పు రోజు అంటాం. సెలవులు గానీ, సీనియారిటీ గానీ, మాకు ఏ లెక్కయినా ఆ రోజు నుంచే మొదలు.

ఈ కట్టుబాటును ఇంట్లోకి తెచ్చి నా కోడలి నెత్తిన పెట్టింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నా నోట్లోంచి లాగక్కర్లేదు.

నాది ఏరివేత బల్ల. కాలి వచ్చిన ప్రతి కప్పునూ చెక్కపుల్లతో కొట్టి వింటాను. బాగున్నది ఖంగుమంటుంది, లోపల పగులున్నది బొదబొదమంటుంది. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని కాబట్టి అందరూ నన్ను గంటమ్మ అంటారు. నా నోటిని చూసి ఆ పేరు పెట్టారని అనేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళతో నాకు మాటల్లేవు.

నా కోడలు మంట చూసేది. మీటర్ల గదిలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. పక్క గోడలో గుప్పెడంత కన్నం ఉంటుంది. పావుగంటకోసారి నీలం అద్దం కంటికి అడ్డం పెట్టుకుని దాంట్లోంచి మంట రంగు చూడాలి. మీటరు చెప్పేది ఒకటైతే మంట చెప్పేది ఇంకొకటి, మంట మాటే నిజమని కోడలు అనేది. ఆ రంగు పట్టడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. పిల్లికళ్ళు అని పిలిచేవాళ్ళు. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు, మా ఇంట్లో అత్త ఉండగానే ఆ పిల్ల ఉత్తమురాలు. నాలాంటి దానితో నాలుగేళ్ళు వేగిందంటే మీరే ఆలోచించండి.

ఆ ఏడాది బట్టీ వెలిగించిన నాలుగో రోజు, పొద్దున్న పదింటికి, కోడలు నా బల్ల దగ్గరికొచ్చింది. డ్యూటీ మధ్యలో మంటను వదిలి రావడం నేనెన్నడూ చూడలేదు. ఏప్రాను మడిచి చంకలో పెట్టుకుంది. చేతిలో నీలం అద్దం లేదు.

"నన్ను వద్దన్నారు అత్తయ్యా," అంది.

చేతిలోని కప్పు బల్ల మీద పెట్టడానికి కూడా నాకు తోచలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాను. రెండు రోజుల కిందటే తనకు నెల తప్పిందని, మూడో నెల నడుస్తోందని మేనేజరుకు చెప్పుకుంది. కూర్చుని చేసే పని నెలలు నిండేదాకా చేయొచ్చని డాక్టరు రాసిచ్చిన కాగితం కూడా ఇచ్చింది. ఆ కాగితం ఆయన చదివాడో లేదో తెలీదు. ఈ సీజనుకు నీ అవసరం లేదు, బిడ్డ పుట్టాక చూద్దాం అని రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నాడు. నీలం అద్దం బక్కోడనే కుర్రాడికి ఇప్పించాడు. బక్కోడికి రెండు సీజన్ల పాటు పని నేర్పింది నా కోడలే. వాడికి ఇప్పటికీ నారింజ రంగుకూ పసుపుకూ తేడా తెలీదు.

"పోయినేడు కాలు విరిగినాయన ఆ కుర్చీలోనే కదా సీజనంతా కూర్చుంది, స్టూలు మీద కాలు పెట్టుకుని," అంది కోడలు. "మంట చూడ్డానికి కట్టుకట్టిన కాలు అడ్డం రాలేదు. కడుపు అడ్డం వచ్చిందా?"

నా ఒళ్ళు మండిపోయింది. బల్ల వదిలేసి పెద్దమేస్త్రీని వెతుక్కుంటూ వెళ్ళాను. అతను నా దగ్గరే పని నేర్చుకున్నవాడు. పాతికేళ్ళుగా నన్ను అక్కా అంటాడు. మా ఆయన పోయినప్పుడు పది రోజులు మా గుమ్మంలోనే ఉన్నాడు. తోడబుట్టినవాళ్ళు రెండో రోజే సర్దుకున్నారు, అతను మాత్రం కదల్లేదు. నేను వరసపెట్టి అడగాల్సినవన్నీ అడిగాను. అతను అంతా విని, ట్రాలీ వైపు చూస్తూ ఒక్క మాటే అన్నాడు.

"అక్కా, బట్టీ మండుతోంది."

అంతే, నా నోరు మూతపడింది. చల్లార్పు రోజు నీ కోడలి సంగతే అందరికన్నా ముందు తీస్తాను, నా మాట నమ్ము అన్నాడు. నమ్మాను. తిరిగొచ్చి బల్ల దగ్గర కూర్చుని మళ్ళీ కప్పులు కొట్టడం మొదలుపెట్టాను. ఆ పూట మంచి కప్పులు కూడా నాకు బొదబొదమన్నట్టే వినిపించాయి.

వారం తర్వాత కోడలు ఆసుపత్రి నుంచి వస్తూ కొత్త సంగతి మోసుకొచ్చింది. అక్కడ గోడ మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించారట. గర్భిణి అనో, ఆడమనిషి అనో, వయసు మీరిందనో పనిలోంచి తీసేస్తే నూట ఎనభై రోజుల్లోగా ఫిర్యాదు చేసుకోవచ్చని. ఆఫీసు అడ్రసు తన ఆసుపత్రి కార్డు వెనకాల రాసుకొచ్చింది. మా ఇంటి నుంచి రెండు బస్టాపుల దూరం.

"రేపు వెళ్ళొద్దామా అత్తయ్యా?" అని అడిగింది.

నేను మొదలుపెట్టాను. ఎంత మొదలుపెట్టానంటే నా కొడుకు అన్నం ముందు నుంచి లేచి గుమ్మంలోకి పోయి నిలబడ్డాడు. నలభై మంది ఇళ్ళకు పోయిన కథ చెప్పాను. మేస్త్రీ మాటిచ్చాడని చెప్పాను. బట్టీ మండుతుండగా ఆఫీసులకెక్కామంటే రేపు ఫ్యాక్టరీలో ఏ ముఖం పెట్టుకుని తిరగాలి, కొరివితో తల గోక్కోవడం కాదా అన్నాను. కోడలు అంతా విని, మరి రోజుల సంగతేమిటని మెల్లగా అడిగింది.

"బిడ్డ పుట్టాక చూద్దాం అన్నారంటే ఇంకా జవాబు చెప్పనట్టే కదా," అన్నాను. "జవాబు చెప్పేది చల్లార్పు రోజున. చెప్పని జవాబుకు లెక్కెలా మొదలవుతుంది? ఆ రోజు కాదంటే, అప్పటినుంచి నీకు నూట ఎనభై రోజులుంటాయి. తీరిగ్గా వెళ్దువుగాని."

ఇప్పుడు తల్చుకుంటే నా తెలివికి నాకే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కానీ ఆ రోజు నాకది లాయరు మాటంత గట్టిగా వినిపించింది. కోడలు కాసేపు కార్డు వైపు చూసి, దాన్ని అలమరలో చీరల కింద పెట్టింది.

"సరే, మీరు చెప్పారుగా," అంది.

తర్వాత ఆ సీజనెలా గడిచిందో ఎక్కువ చెప్పడానికేం లేదు. నేను పొద్దున్నే వెళ్ళేదాన్ని, ఆ పిల్ల ఇంట్లో ఉండేది. మా వంటింటి కిటికీలోంచి ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపిస్తుంది. నేను ఇంటికి రాగానే, ఇవాళ రెండింటికి మంట తగ్గిందా అత్తయ్యా అనేది. నిజంగానే తగ్గి ఉండేది. పొగ రంగు చూసి చెప్పేది. బక్కోడు లోపల కన్నం దగ్గర కూర్చుని పట్టుకోలేనిది, ఈ పిల్ల బియ్యం కడుగుతూ పట్టేసేది. నేను నవ్వేదాన్ని, తనూ నవ్వేది. 

ఆరో నెలలో ఒకసారి మావాడు నోరు విప్పాడు. వాడు కరెంటు పనిచేస్తాడు, మనిషి మెతక, మాట పిడికెడు. ఒకసారి ఆ ఆఫీసుకు వెళ్ళి ఊరికే అడిగొస్తే పోయేదేముందమ్మా అన్నాడు. అడగడమంటే ఫిర్యాదు చేయడమేరా, గోడలకు చెవులుంటాయి, రేపటికల్లా మేనేజరుకు తెలిసిపోతుంది, మేస్త్రీ నా కోసం ఎంత పోరాడుతున్నాడో అదంతా గంగలో కలుస్తుంది అన్నాను. మేస్త్రీ కూడా అడపాదడపా మా బల్ల దగ్గర ఆగి, కోడలెలా ఉందక్కా, ఎన్నో నెల అని అడుగుతూనే ఉన్నాడు. ఎంత ప్రేమో అనుకున్నాను. నెలలన్నీ పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని.

మంట ఆర్పేశారు. ఇంక ఆరేడు రోజులు అనుకున్నాం. ఏడో రోజున మేస్త్రీ గోడ మీద చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపాడు. లోపల ఈసారి కొత్త ఇటుక వేశారు, వేడిని పట్టుకుంటోంది అన్నాడు. కొత్త ఇటుక వేసిన మాట నిజమే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. పదో రోజున కూడా ఇంకా లేదన్నాడు. పదిహేనో రోజున కూడా అంతే.

"పొగ లేక పదిహేను రోజులైంది అత్తయ్యా," అంది కోడలు కిటికీ దగ్గర నిలబడి. అప్పటికి నడుం మీద చెయ్యి పెట్టుకోకుండా నిలబడలేకపోతోంది. "ఇటుక ఎంత కొత్తదైతే మాత్రం."

"మేస్త్రీ చెయ్యి పెట్టి చెప్పాలి," అన్నాను.

అసలు చెప్పాల్సిన మాట ఇది. ఆఖరి ట్రాలీ నా బల్లకొచ్చింది తొమ్మిదో రోజున. మామూలుగా ఆఖరి ట్రాలీ కప్పులు చేతికి గోరువెచ్చగా తగులుతాయి. ఆ రోజు చల్లగా ఉన్నాయి, రాత్రంతా కుండలో ఉన్న నీళ్ళంత చల్లగా. నాకు తెలిసింది. నా చేతులకు తెలిసింది. వయసైపోయింది, అరచేతులు మొద్దుబారాయి అని పక్కామెతో నవ్వుతూ అన్నాను కూడా.

ఇరవై రెండో రోజున మేస్త్రీ గోడ మీద చెయ్యి పెట్టి, చల్లారింది అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. మాట ప్రకారం నా కోడలి సంగతే ముందు తీశాడు. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, పోస్టు నిండిపోయింది, బక్కోడు బాగానే చేస్తున్నాడు, ఇంక కుదరదు అన్నాడు. రెండు ముక్కల్లో తేల్చేశాడు. నేను మేస్త్రీ వైపు చూశాను. అతను తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. పోనీలే పాపం, తనేం చేస్తాడు అనుకున్నాను. మర్నాడు సెలవు. ఆ మర్నాడు కోడల్ని తీసుకుని బస్సెక్కాను. అలమరలో చీరల కింది నుంచి కార్డు తీసుకుంది. మాకింకా నూట డెబ్భై ఎనిమిది రోజులున్నాయని లెక్కేసుకుని మరీ వెళ్ళాను.

ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. తొమ్మిదో నెల మనిషి, మెట్టుకోసారి ఆగి ఎక్కింది. కౌంటరులో ఆవిడ మమ్మల్ని చూడగానే లేచి, లోపలికి పిలిచి కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకుని డాక్టరు కాగితం చదివింది. మంట చూసే పనిలో కోడలు సంపాదించుకున్న మెప్పు కాగితాలు చదివింది. కాలు విరిగినాయన సంగతి రెండుసార్లు చెప్పించుకుని రాసుకుంది. చాలా గట్టి కేసమ్మా, ఈ ఏడాది ఇంత స్పష్టమైనది నా దగ్గరికి రాలేదు అంది. నాకు గర్వం పొంగుకొచ్చింది. చూశావా, తొందరపడకుండా వస్తే ఎంత బాగుందో అన్నట్టు కోడలి వైపు చూశాను.

"మిమ్మల్ని వద్దని ఎప్పుడు చెప్పారు?" అని అడిగింది ఆవిడ.

కోడలు తేదీ చెప్పింది. బట్టీ వెలిగించిన నాలుగో రోజు తేదీ. నేను మధ్యలో దూరి, అప్పుడు ఊరికే చూద్దాం అన్నారండీ, ఆఖరి మాట మొన్ననే చెప్పారు అన్నాను. ఆ రోజు ఏమైనా సంతకం పెట్టించుకున్నారా అని ఆవిడ కోడల్నే అడిగింది. పెట్టించుకున్నారండీ అంది కోడలు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఆవిడ కంప్యూటరులో ఏదో కొట్టి చూసింది. మళ్ళీ కొట్టింది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నూట తొంభై మూడు," అంది. "పదమూడు రోజులు దాటిపోయింది."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా ఆవిడేదో పొరపాటు చేసిందనే అనుకున్నాను. బట్టీ సంగతి చెప్పాను, చల్లార్పు రోజు సంగతి చెప్పాను, మేస్త్రీ మాటిచ్చిన సంగతి చెప్పాను. గొంతు పెరిగిపోతోందని తెలుస్తూనే ఉంది. ఆవిడ విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేది. మీరు లోపల మాట్లాడుకోవడం తప్పు కాదమ్మా, కానీ దాని కోసం ఈ లెక్క ఆగదు, వద్దని చెప్పిన రోజే మొదలైపోయింది అంది. తర్వాత కోడలి వైపు తిరిగి, మిమ్మల్ని రానివ్వకుండా ఎవరైనా ఆపారా అని అడిగింది.

"లేదండీ. మేమే ఆగాం," అంది కోడలు.

మేమే అంది.  ఆ పిల్ల ఆగలేదు. వారం తిరగ్గానే వెళ్దామంది.

"నేను ఆపాను," అన్నాను. "రాసుకోండి. అత్తగారు ఆపింది అని రాసుకోండి."

"ఫ్యాక్టరీవాళ్ళు ఆపారా అని అడుగుతున్నానమ్మా," అంది ఆవిడ మెత్తగా. "అత్తగారు ఆపితే రాయడానికి ఇందులో గడి లేదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు, నాకైతే ఆకులు కూడా దొరకలేదు. పైగా కాలింది నా చేతులు కావు. లేచేటప్పుడు ఆవిడ ఒక్క మాట అంది. ఇది పోయినట్టేనమ్మా, కానీ వాళ్ళు మళ్ళీ కొత్తగా ఏదైనా చేస్తే దానికి కొత్త లెక్కుంటుంది, అప్పుడు మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు అని. ఆ మాట నా చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. మెట్లు దిగుతూ కోడలు నా భుజం పట్టుకుంది. నేను ఆ పిల్లను పట్టుకోవాల్సింది పోయి, ఆ పిల్లే నన్ను పట్టుకుని దింపింది.

కోడల్ని ఇంటి దగ్గర దింపి నేను తిన్నగా మేస్త్రీ ఇంటికి వెళ్ళాను. పోట్లాడ్డానికి కాదు. ఏడవడానికి ఇంకెక్కడికీ వెళ్ళాలనిపించలేదు. అతను వరండాలో కూర్చుని చెప్పుకు మేకు కొట్టుకుంటున్నాడు. వాళ్ళావిడ నాకు టీ తెచ్చిచ్చింది.

"ఆఫీసుకెళ్ళాం తమ్ముడూ. గడువు దాటిపోయిందన్నారు," అన్నాను.

అతను మేకు వైపే చూస్తూ నిట్టూర్చాడు.

"నూట ఎనభై దాటాక ఇంకెవరేం చేయగలరక్కా," అన్నాడు.

టీ కప్పు నా చేతిలోనే ఉంది. మా ఫ్యాక్టరీదే. నూట ఎనభై అన్న మాట నేను ఆ మనిషి దగ్గర ఎప్పుడూ అనలేదు. ఫ్యాక్టరీలో ఎవరి దగ్గరా అనలేదు. గోడలకు చెవులుంటాయని ఇంట్లో కూడా అననివ్వలేదు. నా కొడుకు, నా కోడలు, నేను, ముగ్గురికి తప్ప ఆ అంకె మా చుట్టుపక్కల ఎవరికీ తెలీదు.

 మేకు కొట్టే చప్పుడు ఆగిపోయింది. తను ఏమన్నాడో అతనికీ తెలిసింది. నా చేతులకు ఆఖరి ట్రాలీ కప్పులు గుర్తొచ్చాయి. ఎన్నో నెలక్కా, ఎన్నో నెలక్కా అని అడగడం గుర్తొచ్చింది. మామూలుగా ఏడో రోజున చల్లారింది అని ఉంటే, మర్నాడో ఆ మర్నాడో మేం ఆఫీసులో ఉండేవాళ్ళం. నూట డెబ్భై ఎనిమిదో రోజుకు. రెండు రోజులు మిగిలుండగా.

"గోడ ఎప్పుడు చల్లారింది?" అని అడిగాను.

అతను లోపలికి చూశాడు, వాళ్ళావిడ వింటోందేమోనని.

"మేనేజరు గారు తేదీ ఇచ్చారక్కా. ఆ తేదీ దాకా చెప్పొద్దన్నారు," అన్నాడు. "నాకూ ఇల్లుంది."

నాకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ముప్ఫై ఏళ్ళు పగిలిన కప్పులు ఏరినదాన్ని, పాతికేళ్ళు ఈ మనిషిచేత అక్కా అని పిలిపించుకున్నాను. చల్లబడిపోయింది ఒళ్ళంతా. టీ తాగకుండా అరుగు మీద పెట్టి లేచాను.

"వస్తానండీ మేస్త్రీ గారూ," అన్నాను.

ఆ గారు అన్న మాటకు అతని ముఖం పాలిపోయింది. అప్పటినుంచీ అతన్ని మీరు అనే అంటున్నాను.

మర్నాడే మళ్ళీ ఆఫీసుకు పోయి ఆవిడకు ఇదంతా చెప్పాను. మీరు చెప్పిందే నిజమైతే గడువు పెంచమని అడగడానికి దారుందమ్మా, ఆయన ఈ మాట రాసిస్తాడా అంది. రాసివ్వడని ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. ఆ తర్వాత రెండు వారాలకు కోడలికి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రిలో ఆ గోడ కాగితం ఎదురుగానే మంచం ఇచ్చారు. రోజూ దాన్ని చూస్తూ పిల్లకు పాలిచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కసారి తిడితే బాగుణ్ణని ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు.

చలి మొదలయ్యాక మళ్ళీ బట్టీ వెలిగించారు. ఐదో రోజున బక్కోడు పసుపనుకుని నారింజ దగ్గరే వదిలేశాడు. ట్రాలీ సరుకంతా సగం పచ్చిగా బయటికొచ్చింది. మర్నాడు పొద్దున్నే గేటుకు కాగితం అంటించారు, మంట చూసే పనికి అనుభవమున్న ఒక మనిషి కావాలని. నేను ఇంటికి కబురు పంపాను. కోడలు పిల్లను మావాడికి అప్పగించి, ఉన్నపళంగా వచ్చి, మేనేజరు గదిలోకి వెళ్ళింది. పదిన్నరకు నా బల్ల దగ్గరికొచ్చింది.

"చంటిపిల్ల తల్లివి, ధ్యాసంతా ఇంటి మీదే ఉంటుందన్నారు," అంది. "వేరే మనిషిని చూసుకుంటారట."

అద్దం లేని ఆ చేతులనే చూశాను, పోయినేడు చూసినట్టే. అప్పుడు వినిపించింది నాకు కౌంటరు ఆవిడ మాట. చెక్కపుల్ల బల్ల మీద పెట్టి ఏప్రాను విప్పాను. ట్రాలీ నిండా కప్పులు ఎదురుచూస్తున్నాయి. డ్యూటీ మధ్యలో బల్ల వదిలి గేటు దాటడం ముప్ఫై ఏళ్ళలో అదే మొదటిసారి. పెద్దమేస్త్రీ గబగబా అడ్డం వచ్చాడు. చుట్టూ అందరూ చూస్తున్నారు.

"అక్కా, బట్టీ మండుతోంది," అన్నాడు.

"మండనివ్వండి మేస్త్రీ గారూ," అన్నాను.

కౌంటరు ఆవిడ మమ్మల్ని గుర్తుపట్టింది. ఎప్పుడు జరిగిందని అడిగింది. ఇవాళే అన్నాం, పదిన్నరకు. ఆవిడ ఒకసారి గోడ గడియారం వైపు, ఒకసారి నా వైపు చూసింది. కాగితం తీసి జరిగిన తేదీ రాసింది, ఫిర్యాదు తేదీ రాసింది, రెండూ ఒకటే. మధ్యలో ఎన్ని రోజులు అన్న గడి దగ్గర కలం ఆగింది. సున్నా వేసింది. కోడలు చెప్పినదంతా రాసుకుని, చదివి వినిపించి, సంతకం పెట్టించి, ముద్ర కొట్టి ఒక కాగితం మా చేతికిచ్చింది.

"ఇంక ఏం చేయాలి?" అని అడిగాను.

"అంతేనమ్మా. మీరు చేయాల్సింది అయిపోయింది. ఇక మేం వాళ్ళను పిలిపిస్తాం."

గడియారం చూశాను. మేం వచ్చి కూర్చుని అరగంటైంది. రెండు బస్టాపులు, రెండంతస్తుల మెట్లు, ఒక అరగంట. ఆఫీసంటే ఏదో అనుకున్నాను. బోనులు ఉంటాయని, నల్లకోట్లు ఉంటాయని, నలభై మంది రోడ్డున పడతారని. ఒక ఆవిడ, ఒక కలం, ఒక ముద్ర ఉన్నాయి. ఈ అరగంట పని కోసమా ఆరు నెలలు ఆ పిల్ల నోరు నొక్కిపెట్టాను?

కోడలు కాగితాన్ని ఆసుపత్రి కార్డుతో కలిపి మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"లేవండి అత్తయ్యా, పిల్లకు పాలవేళయింది," అంది.

లేద్దామనే చూశాను. గడియారం మీద నుంచి కళ్ళు రాలేదు.